పాట ఎక్కడ ఆగిందో ముందు కనిపెట్టండి

పండగ వెళ్లిన రెండు మూడు వారాలకి మా పనిలో ఉన్నవాళ్లకి ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "స్పీకరు వైఫై తీసుకోట్లేదు బాబూ. నిన్నటి వరకూ బాగానే పాడింది, ఏటైపోనాదో తెల్దు." సంక్రాంతికి హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చిన కొడుకు అమ్మానాన్నల కోసం ఒక స్మార్ట్ స్పీకరు తెచ్చి పెడతాడు. పొద్దున్నే సుప్రభాతం, మధ్యాహ్నం పాత పాటలు, రాత్రి ప్రవచనం. నోటితో అడిగితే చాలు, వినిపిస్తుంది. కొడుకు బండెక్కి వెళ్లిపోయాక ఒకరోజు అది మూగబోతుంది. బిడ్డ వదిలి వెళ్లిన సందడి కూడా దాంతో పాటే ఆగిపోతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కేబుల్ ఆపరేటర్ల దగ్గర, మొబైల్ షాపుల్లో, ఎలక్ట్రానిక్స్ రిపేరు కొట్లలో పని చేస్తున్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ పని ఎవరూ బడిలో నేర్పరు. ఐటీఐలో సోల్డరింగ్ నేర్చుకుంటాం, మల్టీమీటర్ పట్టుకోవడం నేర్చుకుంటాం. ఇంట్లో పెద్దావిడ ఎదురుగా కూర్చుని, ఏ లోపమూ లేని స్పీకరు ఎందుకు పాడట్లేదో కనిపెట్టడం మాత్రం తిరిగి తిరిగి నేర్చుకోవాల్సిందే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రీసెట్ బటన్ మీద వేలు పెట్టే ముందు పాట ఎక్కడ ఆగిందో కనిపెట్టండి. స్పీకర్లోకి పాట రావాలంటే నాలుగు మెట్లు ఎక్కాలి. మొదటిది కరెంటు, రెండోది ఇంటికి వచ్చే నెట్, మూడోది ఇంట్లోని వైఫై, నాలుగోది ఫోన్లోని యాప్, దాని ఖాతా. కింది మెట్టు సరిగ్గా ఉందని తేలాకే పై మెట్టుకి వెళ్లండి. ఈ వరస తప్పితే మంచి వస్తువుని మనమే చెడగొడతాం.

గుమ్మంలోనే అడగాల్సినవి

మొదటి ప్రశ్న: ఇది అసలు వైఫై స్పీకరేనా? బజారులో దొరికే వైర్‌లెస్ స్పీకర్లలో చాలా వాటికి బ్లూటూత్ మాత్రమే ఉంటుంది. వాటికి వైఫైతో పనే లేదు. ఫోన్ పక్కన ఉన్నంతసేపు పాడతాయి, ఫోన్ వీధిలోకి వెళ్తే ఆగిపోతాయి. "ఫోన్ పట్టుకుని ఆయన బజారుకెళ్తే ఇది ఆగిపోతంది" అని ఇంట్లోవాళ్లు అన్నారంటే మీకు జవాబు దొరికినట్టే. అట్టపెట్టె మీదా, స్పీకరు అడుగున అచ్చయిన అక్షరాల్లోనూ వైఫై అన్న మాట ఉందేమో చూడండి. లేకపోతే ఆ సంగతి విడమరిచి చెప్పి, బ్లూటూత్‌లో కలిపి ఇచ్చి రండి.

రెండో ప్రశ్న: ఆగే ముందు ఇంట్లో ఏం మారింది? "ఏమీ మారలేదు" అనే చెబుతారు. తొందరపడకుండా ఒక్కొక్కటీ అడగండి. కేబుల్ ఆయన కొత్త డబ్బా పెట్టారా? పక్కింటివాళ్లు వాడేస్తున్నారని పాస్‌వర్డ్ మార్చారా? కొత్త ఫోన్ కొన్నారా? రంగులు వేయించినప్పుడు బీరువా జరిపారా? సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి.

మూడో ప్రశ్న: మొదటిసారి దీన్ని ఎవరి ఫోన్‌తో కలిపారు? దీని అవసరం చివరి మెట్టు దగ్గర వస్తుంది. జవాబు మాత్రం ముందే రాసి పెట్టుకోండి.

మొదటి మెట్టు: కరెంటు

కరెంటు పోయి వచ్చినప్పుడు స్పీకరు త్వరగా లేచి కూర్చుంటుంది. ఫైబరు డబ్బా, రౌటర్ తెమలడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోగా స్పీకరు వైఫై కోసం వెతికి, దొరక్క, కొన్నిసార్లు అక్కడే ఆగిపోతుంది. అందుకని అన్నీ ఆపేసి వరసగా వేయండి. ముందు ఫైబరు డబ్బా. దాని లైట్లు కుదురుకున్నాక రౌటర్. మరో రెండు నిమిషాలు ఆగి, చివరగా స్పీకరు. ఇంత చిన్న పనికి బాగుపడేవి ఎన్నో ఉంటాయి. కరెంటు తరచూ పోయే ఊళ్లో డబ్బాకీ రౌటర్‌కీ చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టుకోమని చెప్పండి. అయితే కొనే ముందు ఆ రెండింటి అడాప్టర్ల మీద వోల్టులు, ఆంపియర్లు చదివి సరిపోతాయో లేదో మీరే చూసి చెప్పాలి.

స్పీకరుతో వచ్చిన అడాప్టరే పెట్టారా, దొరికిన మొబైల్ ఛార్జర్ పెట్టారా అన్నది కూడా చూడండి. కరెంటు చాలకపోతే లైటు వెలుగుతుంది, వైఫై పట్టుకునే సమయానికి స్పీకరు ఆగి మళ్లీ మొదలవుతుంది. అమెరికా నుంచి తెచ్చిన వాటి అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే పిన్ను మార్చుకుని వాడొచ్చు. 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన ప్లగ్గులో పెట్టనే వద్దు. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి పిన్నులకి చిలుం పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి బిగువుగా పెట్టి చూడండి.

రెండో మెట్టు: ఇంటిదాకా నెట్ వచ్చిందా?

ఫోన్లో మొబైల్ డేటా ఆపేసి, వైఫై మీదే ఒక వీడియో పెట్టి చూడండి. డేటా ఆపకుండా చూస్తే ఫోన్ సిమ్ నెట్ వాడుకుని మనల్ని పక్కదారి పట్టిస్తుంది. వైఫై గుర్తు నిండుగా ఉండటానికీ నెట్ ఉండటానికీ సంబంధం లేదు. ఆ గుర్తు ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య సంకేతం ఎంత బలంగా ఉందో చెబుతుంది, అంతే.

మన ఊళ్లలో చాలా ఇళ్లకి నెట్ కరెంటు స్తంభాల మీదుగా వస్తుంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ తీగని ఆ స్తంభాలకే కట్టుకుంటూ ఊళ్లకి తెచ్చారు. అక్కడి నుంచి ఇంట్లోకి లాగేది ఊళ్లోని కేబుల్ ఆపరేటరు. అలా చేయడం వల్ల నెట్ త్వరగా చేరింది గానీ, స్తంభం ఒరిగితే నెట్ కూడా ఒరుగుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలు వేలల్లో కూలిపోయిన సంగతి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. తీగ తెగడానికి అంత గాలి కూడా అక్కర్లేదు. కొబ్బరి మట్ట పడినా, కోతి పట్టుకుని ఊగినా చాలు.

ఫైబరు డబ్బా మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలుగుతోందంటే వెలుగు సంకేతం ఇంటిదాకా రావట్లేదని అర్థం. అక్కడితో స్పీకరుని వదిలేయండి. ఆపరేటరుకి మీరే ఫోన్ చేసి చెప్పండి. ఎర్ర లైటు లేకుండా నెట్ రాకపోతే ప్యాకేజీ గడువు అయిపోయిందేమో కనుక్కోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫైబరు డబ్బా వెనకున్న చిన్న కన్నంలో పిన్ను గుచ్చి రీసెట్ చేయకండి. అందులో ఆపరేటరు పెట్టిన యూజర్ నేము, ఇతర సెట్టింగులు తుడిచిపెట్టుకుపోవచ్చు. పని నేర్చుకునే రోజుల్లో బొబ్బిలి వైపు ఒక ఇంట్లో నేను ఆ తప్పు చేశాను. అప్పటివరకూ స్పీకరు ఒక్కటే పలకని ఇంట్లో మొత్తం నెట్టే పోయింది. ఇంటి నుంచి ఉద్యోగం చేసుకుంటున్న వాళ్లమ్మాయి రెండు రోజులు సెలవు పెట్టాల్సి వచ్చింది. ఆ ఇంటివాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే అది ఇంకా గుర్తుంది.

మూడో మెట్టు: వైఫై

అసలు చిక్కులన్నీ ఇక్కడే ఉంటాయి. ఎక్కువసేపు ఇక్కడే కూర్చోండి.

ఇప్పటి రౌటర్లు రెండు దారుల్లో వైఫై ఇస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది, గోడల్ని కొంత దాటుతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గానీ గోడ దగ్గర త్వరగా నీరసపడుతుంది. పేరున్న స్మార్ట్ స్పీకర్లు చాలావరకు రెండు దారులూ పట్టుకుంటాయి. తక్కువ ధరవి చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు. ఫోన్ 5లో ఉండి, స్పీకరుకి ఆ దారే తెలియకపోతే సెటప్ సగంలో ఆగిపోతుంది. రౌటర్ సెట్టింగుల్లో రెండు దారులకీ రెండు పేర్లు పెట్టి, ఫోన్‌ని 2.4 మీదకి తెచ్చి, అప్పుడు స్పీకరుని కలపండి. కలిశాక ఫోన్‌ని తిరిగి 5 మీదకి పంపినా సాధారణంగా ఇబ్బంది ఉండదు.

తర్వాత భద్రత రకం చూడండి. కొత్త రౌటర్లలో డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే పాత స్పీకర్లు అందులోకి రాలేవు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన రకం ఎంచుకోండి, అది లేకపోతే డబ్ల్యూపీఏ2 పెట్టండి. పని త్వరగా అవుతుందని పాస్‌వర్డ్ తీసేసి వైఫైని తెరిచి మాత్రం రావద్దు. మీరు వెళ్లాక ఆ ఇంటి నెట్ మీద ఎవరేం చేసినా పోలీసులు తలుపు తట్టేది ఆ ఇంటివాళ్లదే.

ఛానల్ సంగతి అమెరికా నుంచి తెచ్చిన స్పీకర్లకి ముఖ్యం. 2.4లో మన దగ్గర 13 ఛానళ్ల దాకా వాడొచ్చు. అమెరికా మార్కెట్ కోసం చేసిన పరికరాలు చాలావరకు 11 దాకానే చూస్తాయి. రౌటర్ 12లోనో 13లోనో కూర్చుంటే ఆ స్పీకరుకి ఇంటి వైఫై పేరు కనబడనే కనబడదు. 1, 6, 11లో ఒకటి పెట్టండి. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు, పక్కిళ్ల వైఫైల రద్దీ కూడా తగ్గుతుంది.

ఇంట్లో రెండు వైఫైలు ఉండటం మన దగ్గర మామూలే. ఆపరేటరు ఇచ్చిన డబ్బా ఒక వైఫై ఇస్తుంది. అది చాలక కొనుక్కున్న రౌటర్ ఇంకొకటి ఇస్తుంది. స్పీకరు ఒకదానిలో, ఫోన్ ఇంకోదానిలో ఉంటే రెండింటికీ నెట్ ఉంటుంది గానీ ఒకదానికొకటి కనబడవు. "నెట్ వస్తంది, యూట్యూబ్ వస్తంది, స్పీకరు ఒక్కటే దొరకట్లేదు" అని అంటున్నారంటే ముందు దీన్నే అనుమానించండి. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చండి, లేదా డబ్బా వైఫైని ఆపేయండి. అతిథుల కోసం పెట్టిన గెస్ట్ వైఫైలోనూ ఇదే తంతు. అందులోని పరికరాలు ఒకదాన్నొకటి చూసుకోకుండా రౌటరే అడ్డుపడుతుంది. పేరు మీద నొక్కితే లాగిన్ పేజీ వచ్చే హాస్టల్ వైఫైలో ఈ స్పీకర్లు మామూలుగా కలవవు. స్పీకరుకి తెర లేదు, ఆ పేజీలో వివరాలు ఎక్కడ నింపుతుంది?

చోటు కూడా చూడండి. మన ఇళ్లలో రౌటర్ టీవీ వెనకనో, ఇనప బీరువా పక్కనో, గూట్లో దేవుడి పటాల మధ్యనో ఉంటుంది. పాత మండువా ఇళ్ల మందపాటి గోడలు, కొత్త ఇళ్ల కాంక్రీటు శ్లాబు రెండూ వైఫైని మింగేస్తాయి. ఇనుము అసలు దాటనివ్వదు. మొదటిసారి కలిపేటప్పుడు స్పీకరుని రౌటర్‌కి నాలుగు అడుగుల దూరంలో పెట్టి కలపండి. అక్కడ పాడి వంటింట్లో పాడకపోతే అది దూరం సమస్యే.

ఇవన్నీ చూసినా తేలకపోతే నేను నమ్ముకున్న పరీక్ష ఒకటి ఉంది. ఇంటి రౌటర్ ఆపేసి, మీ ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టండి. దానికి ఇంటి వైఫై పేరే, అదే పాస్‌వర్డ్ ఇవ్వండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం కూడా తేడా రాకూడదు. హాట్‌స్పాట్‌ని 2.4 మీద ఉంచండి. ఇంతకుముందు ఇంటి వైఫైలో ఉన్న స్పీకరు అది తన ఇల్లే అనుకుని వచ్చి కలుస్తుంది. కలిసి పాడిందంటే స్పీకరు నిక్షేపంగా ఉంది, లోపం రౌటర్‌లో ఉంది. కలవలేదంటే స్పీకరు వైపు చూడాలి. ఐదు నిమిషాల్లో సగం ఇల్లు వెతకాల్సిన పని తప్పుతుంది. అయిపోగానే హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్ మార్చేయండి, ఆ ఇంటి పాస్‌వర్డ్ మీ ఫోన్లో ఉండకూడదు.

ఈ కిటుకే రౌటర్ మార్చేటప్పుడు కూడా పనికొస్తుంది. కొత్త రౌటర్‌కి పాత పేరు, పాత పాస్‌వర్డ్, పాత భద్రత రకం పెట్టండి. స్పీకరు, టీవీ, ఫోన్లు, కెమెరా అన్నీ దాదాపు ఎప్పట్లాగే వచ్చి కలుస్తాయి. కేబుల్ ఆపరేటర్ల దగ్గర పని చేసేవాళ్లకి నాదొక విన్నపం. డబ్బా మార్చిన ప్రతిసారీ కంపెనీ ఇచ్చిన కొత్త పేరు వదిలేసి వచ్చేయకండి. మీ రెండు నిమిషాల శ్రద్ధ ఆ ఇంటి పెద్దవాళ్లకి నెల రోజుల ఇబ్బంది తప్పిస్తుంది.

నాలుగో మెట్టు: ఫోను, ఖాతా

సెటప్ సమయంలో స్పీకరు తానే ఒక చిన్న వైఫై ఇస్తుంది, లేదా బ్లూటూత్‌లో ఫోన్‌ని పలకరిస్తుంది. అప్పుడు ఫోన్లో బ్లూటూత్, లొకేషన్ రెండూ ఆన్‌లో ఉండాలి. ఐఫోన్‌లో అయితే యాప్‌కి లోకల్ నెట్‌వర్క్ అనుమతి కూడా ఇవ్వాలి. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి అది తప్పనిసరి. స్పీకరు ఇచ్చే చిన్న వైఫైలో నెట్ ఉండదు కాబట్టి ఆండ్రాయిడ్ ఫోన్ "ఇందులో నెట్ లేదు, ఉండాలా?" అని అడుగుతుంది. ఉండాలనే నొక్కండి. ఆ కాసేపు మొబైల్ డేటా, వీపీఎన్ ఆపేయండి.

ఇక గుమ్మంలో అడిగిన మూడో ప్రశ్న. కొడుకు తన ఫోన్‌తో, తన ఖాతాతో స్పీకరు కలిపి వెళ్లిపోతాడు. తర్వాత రౌటర్ మారితే అమ్మ ఫోన్లో ఆ స్పీకరు జాడే ఉండదు. ఇక్కడ చాలామంది వెంటనే తమ సొంత ఖాతా పెట్టి పని ముగిస్తారు. అలా ఎప్పుడూ చేయకండి. ఆ ఇంట్లో స్పీకరుని అడిగిన మాటలు మీ ఖాతాలో నమోదు కావచ్చు. ఆ కొడుక్కి వీడియో కాల్ చేయించండి. గూగుల్ స్పీకరైతే గూగుల్ హోమ్ యాప్ నుంచి అమ్మని ఇంటి సభ్యురాలిగా చేర్చమనండి. అలెక్సా అయితే స్పీకరు ఉన్న ఖాతాతోనే అమ్మ ఫోన్లో యాప్ తెరిపించండి. పాస్‌వర్డ్ వాళ్లే కొట్టాలి, మీరు పక్కకి చూడాలి.

రీసెట్ ఆఖరి మాట

అలెక్సా ఉండే ఎకో స్పీకర్లో వైఫై మార్చడానికి రీసెట్ అక్కర్లేదు. చుక్క గుర్తున్న బటన్ నారింజ లైటు వచ్చేవరకూ నొక్కి పట్టుకుని, అలెక్సా యాప్‌లో కొత్త వైఫై ఇవ్వొచ్చు. గూగుల్ స్పీకర్లకి మాత్రం పాత వైఫై ఇక లేనప్పుడు రీసెట్ చేయాల్సి వస్తుంది. నెస్ట్ మినీలో మైక్ స్విచ్ ఆపి, పైన మధ్యలో వేలుంచి శబ్దం వచ్చేదాకా పట్టుకోవాలి.

రీసెట్‌కి తొందర ఎందుకు కూడదో 2025 మార్చి చూపించింది. మామూలు స్పీకరుకి తగిలిస్తే దాన్ని వైఫై స్పీకరుగా మార్చే గూగుల్ క్రోమ్‌కాస్ట్ ఆడియో, టీవీకి పెట్టే 2015 నాటి రెండో తరం క్రోమ్‌కాస్ట్ మార్చి 9న ప్రపంచమంతటా ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇళ్లలో వైఫై బాగానే ఉంది, పరికరాలూ బాగానే ఉన్నాయి. వాటి గుర్తింపుకి వాడే ఒక డిజిటల్ సర్టిఫికెట్ గడువు పదేళ్లకి తీరిపోయింది. రీసెట్ చేయవద్దని గూగుల్ చెప్పింది. ఆగినవాళ్లవి కొద్ది రోజుల్లో అప్‌డేట్ అందుకుని వాటంతట అవే పలికాయి. అప్పటికే రీసెట్ చేసేసినవాళ్లు సెటప్ కుదరక ఇంకొన్నాళ్లు కాచుకోవాల్సి వచ్చింది. ఒకే రోజున ఒకే రకం పరికరం గురించి రెండు మూడు ఇళ్ల నుంచి ఫోన్లు వస్తే చేయి ఆపండి. లోపం ఆ ఇళ్లలో ఉండకపోవచ్చు.

లేచి వచ్చే ముందు

యాప్‌లో కనెక్టెడ్ అని వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. ఇంట్లో పెద్దవాళ్లనే అడగమనండి, వాళ్ల నోటితో, వాళ్లు రోజూ కూర్చునే చోటు నుంచి. ఘంటసాల సంగీతం చదువుకున్న ఊరు, సుశీల పుట్టిన ఊరు విజయనగరం. పాట సగంలో తెగితే ఇక్కడివాళ్ల చెవి ఒప్పుకోదు. రెండు పాటలు పూర్తిగా వినండి. ఒకసారి స్పీకరు ఆపి మళ్లీ వేసి, దానంతట అది కలుస్తోందో లేదో చూడండి.

డబ్బు సంగతి ఫోన్లోనే తేల్చుకోండి. వచ్చి చూసినందుకు ఇంత, రౌటర్ సెట్టింగులు మార్చితే ఇంత అని బయల్దేరే ముందే చెప్పండి. తెగింది ఆపరేటరు తీగ అయితే ఆ మాటే చెప్పి, చూసిన కూలి మాత్రం తీసుకోండి. పరీక్ష చేయకుండా కొత్త రౌటర్ కొనిపించకండి. చిన్న ఊళ్లలో మన పని మన మాట మీదే నిలబడుతుంది. ఒక ఇంట్లో నిజం చెబితే ఆ వీధి మొత్తం మనల్నే పిలుస్తుంది.

చివరగా ఒక కాగితం తీసుకోండి. పెద్ద తెలుగు అక్షరాల్లో నాలుగు వరసలు రాయండి. స్పీకరు ఏ ఖాతాలో ఉంది, ఎవరి ఫోన్‌తో కలిపారు. కరెంటు వచ్చాక ఏది ముందు వేయాలి, ఏది తర్వాత. డబ్బా మీద ఏ లైటు ఏ రంగులో ఉండాలి. ఎర్ర లైటు వస్తే ఫోన్ చేయాల్సిన ఆపరేటరు నంబరు. వైఫై పేరు, పాస్‌వర్డ్ వేరే చీటీలో రాసి బీరువాలో దాచుకోమనండి. నాలుగు వరసల కాగితాన్ని మాత్రం డబ్బా పక్క గోడకి అంటించి, ఒకసారి వాళ్ల చేతే చదివించండి.

అలా కాగితం అంటించి వచ్చిన ఇంటి నుంచి కొన్ని నెలల తర్వాత నాకు మళ్లీ ఫోన్ వచ్చింది. అదే పెద్దావిడ. "డబ్బా మీద ఎర్ర లైటు ఎలుగుతోంది బాబూ. స్పీకరు బాగానే ఉన్నాది. కేబులాయనకి చెప్పేసినాను, నువ్వు రానక్కర్లేదు. ఊరికే నీకు చెబుదామని చేసినాను."